గిటార్ మీద మెలోడిక్ మైనర్, దాని మోడ్‌లు: తెలిసిన రాగం నుంచి ఒక్క ఫ్రెట్ జరిపి నేర్చుకోండి

అనంతపురం నుంచి అడిగినా, కర్నూలు నుంచి అడిగినా, కడప నుంచి అడిగినా ప్రశ్న ఒకటే: "అన్నా, మెలోడిక్ మైనర్ షేపులన్నీ వచ్చేసినాయి. పాటలో పెడితే మాత్రం స్కేల్ ఎక్కి దిగినట్టే ఉంది. ఈ మోడ్‌లేందో, ఎక్కడ వాడాలో అర్థం కావట్లేదు." ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఇక్కడ పెడుతున్నాను.

షేపులు, అంటే ఫ్రెట్ల మీద వేళ్లు పెట్టే నమూనాలు, మాత్రమే నేర్చుకుంటే ఇలాగే అవుతుంది. ఒకే స్కేల్‌ను రెండో స్వరం నుంచో, నాలుగో స్వరం నుంచో మొదలుపెడితే (అలా వచ్చేవే రెండో మోడ్, నాలుగో మోడ్) వేళ్లకు కొత్తగా ఉంటుంది గానీ, చెవి మాత్రం పాత సా దగ్గరే ఉండిపోతుంది. అందుకే ఇక్కడ పద్ధతి తిరగేస్తున్నాం. సా కదలదు, దాని చుట్టూ స్వరాలు మారతాయి. ఆ మారే స్వరాలను కూడా మీరు ఎప్పుడో ఒకప్పుడు విన్న రాగాల నుంచి ఒక్క ఫ్రెట్ జరిపి పట్టుకుంటారు.

సిద్ధాంతం ఇంతే: మెలోడిక్ మైనర్ స్వరాలు మన 23వ మేళకర్త (ఏడు స్వరాల మూల రాగం) గౌరీమనోహరి స్వరాలే. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. "గురులేక ఎటువంటి" కీర్తన విన్నవాళ్లకు ఈ స్వరాలు చెవిలో ఉన్నట్టే. సంగీతం నేర్చుకోలేదా? ఫర్వాలేదు, కింద ఇచ్చిన ఫ్రెట్ నంబర్లతో పని జరిగిపోతుంది.

కావలసినవి

- గిటార్. అకూస్టిక్ అయినా ఎలక్ట్రిక్ అయినా సరే. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయినా సరే.
- ఫోన్‌లో ట్యూనర్, మెట్రోనోమ్, తంబూరా యాప్. తంబూరాను ఆరు శ్రుతిలో, అంటే ఇంగ్లిష్ ఏ (A) స్వరంలో, పది నిమిషాలు రికార్డ్ చేసి ఫోన్‌లోనే దాచుకోండి. నెట్ లేకపోయినా సాధన ఆగకూడదు.
- ఫోన్‌లో ఉండే మామూలు వాయిస్ రికార్డర్. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నిజానికి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.
- రోజుకు ఇరవై నిమిషాలు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే వేళ్లు నొప్పి పుట్టడం తప్ప ఇంకేం రాదు.

మొదలుపెట్టే ముందు గిటార్‌ను ఒకసారి పరీక్షించండి. ప్రతి తీగ మీద 12వ ఫ్రెట్ దగ్గర వేలు తగిలీ తగలనట్టు పెట్టి మీటితే గంటలాంటి నాదం వస్తుంది. తర్వాత అదే ఫ్రెట్‌ను గట్టిగా నొక్కి మీటండి. ట్యూనర్‌లో రెండూ ఒకే చోట ఆగాలి. తేడా ఎక్కువగా ఉంటే ముందు తీగలు మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే బాగుచేసేవాళ్లకు చూపించాలి. ఈ స్కేల్‌లో 9, 11 ఫ్రెట్ల దగ్గర స్వరమే ప్రాణం. అక్కడ గిటార్ అపశ్రుతి పలికితే మీ చెవి కూడా తప్పు నేర్చుకుంటుంది.

మన ఎండల గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. రేకుల గదిలోనో, ఎండలో ఆపిన కారులోనో గిటార్ వదిలేస్తే మెడ వంగుతుంది, బ్రిడ్జి అంటు ఊడినా ఆశ్చర్యం లేదు. పొడిగాలికి చెక్క ముడుచుకుని ఫ్రెట్ల చివర్లు వేలికి గుచ్చుకుంటుంటే అది మీ ఊహ కాదు. అలాగని నీళ్ల కూలర్ ఎదురుగా పెట్టకండి, తీగలు తుప్పు పడతాయి. సంచిలో పెట్టి, గోడకు కాస్త దూరంగా, నీడలో ఉంచండి చాలు. గది మారినప్పుడల్లా మళ్లీ ట్యూన్ చేయండి.

1. శ్రుతి పెట్టి ఒకే తీగ మీద వాయించండి

తంబూరా ఆన్ చేయండి. ఐదో తీగను, అంటే లావు తీగ నుంచి రెండోదాన్ని, ఖాళీగా మీటండి. అదే మీ సా. ఇప్పుడు ఆ ఒక్క తీగ మీదే పైకి వెళ్లండి:

స 0, రి 2, గ 3, మ 5, ప 7, ద 9, ని 11, పై స 12.

వెనక్కి కూడా అవే. ఇలా ఒకే తీగ మీద వాయిస్తే వీణ మెట్ల మీద వెళ్లినట్టు ఏ స్వరం దగ్గర ఎంత దూరం జరుగుతున్నారో కంటికి కనిపిస్తుంది. షేపులో ఈ దూరం దాగిపోతుంది.

యాప్ లేకపోతే బొటనవేలితో ఐదో తీగను ఖాళీగా మోగిస్తూ, మూడో తీగ మీద 2, 4, 5, 7, 9, 11, 13, 14 ఫ్రెట్లు వాయించండి. స్వరాలు అవే, తంబూరా పని మీ బొటనవేలు చేస్తుంది. అకూస్టిక్ గిటార్‌లో 13, 14 అందడం కష్టమైతే 11 దాకా వెళ్లి వెనక్కి రండి.

వాయిస్తూ స్వరం పేరు పైకి పలకండి. సిగ్గుపడి మనసులో అనుకుంటే లాభం లేదు. గొంతుతో పాడిన స్వరమే చెవిలో నిలుస్తుంది.

సరిగ్గా వస్తోందా లేదా చూసుకోవడానికి ఒక పరీక్ష. గౌరీమనోహరికి పక్కింటి రాగాలు మూడున్నాయి. ఒక్కోదానికీ తేడా ఒక్క స్వరమే.

- గాంధారాన్ని 3 నుంచి 4కు జరిపితే శంకరాభరణం, అంటే మేజర్ స్కేల్.
- నిషాదాన్ని 11 నుంచి 10కి దించితే ఖరహరప్రియ, అంటే డోరియన్.
- ధైవతాన్ని 9 నుంచి 8కి దించితే కీరవాణి, అంటే హార్మోనిక్ మైనర్.

మూడింటినీ వాయించి, ప్రతిసారీ మళ్లీ గౌరీమనోహరికి రండి. చాలామంది జారిపోయేది కీరవాణిలోకే. మైనర్ పాట అనగానే మన చెవి ఆ 8వ ఫ్రెట్ కోసం చూస్తుంది. సినిమా పాటల్లో దాన్ని అంతగా విన్నాం మరి. రికార్డ్ చేసి వినండి. ప ద ని స అన్నప్పుడు ద నుంచి నికి పెద్ద గెంతు వినపడితే మీరు కీరవాణి వాయిస్తున్నారు. మెలోడిక్ మైనర్‌లో అక్కడ గెంతు ఉండదు, ప నుంచి ని దాకా మెట్లు సమంగా ఎక్కుతాయి.

2. సరళీ స్వరాలు, జంట స్వరాలు ఇక్కడికి తెచ్చుకోండి

గిటార్ పుస్తకాల్లో పేజీలకు పేజీలు వ్యాయామాలు ఉంటాయి. అవసరం లేదు. సంగీతం క్లాసులో మాయామాళవగౌళలో నేర్పే సరళీ వరుసలు, జంట వరుసలు, దాటు వరుసలనే ఈ స్వరాలతో వాయించండి. జంట స్వరాలు స స రి రి గ గ మ మ అని వాయిస్తే పిక్ కింద ఒకటి, పైన ఒకటి తగులుతూ కుడిచేతికి మంచి సాధన. దాటు వరుసలు స్కేల్ ఎక్కి దిగే అలవాటును విరగ్గొడతాయి. "స్కేల్ వాయించినట్టే ఉంది" అన్నవాళ్లు దాటు వరుసల మీదే ఎక్కువసేపు ఉండండి.

మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి, దెబ్బకు ఒక స్వరంతో మొదలు. తప్పు లేకుండా వరుసగా మూడుసార్లు వస్తే దెబ్బకు రెండు. వేగం పెంచడం ఆ తర్వాతి మాట.

3. ఇప్పుడు షేపు

ఆరో తీగ ఐదో ఫ్రెట్ నుంచి ఆరు తీగల మీదా, తీగకు మూడు స్వరాలు:

- ఆరో తీగ: 5, 7, 8
- ఐదో తీగ: 5, 7, 9
- నాలుగో తీగ: 6, 7, 9
- మూడో తీగ: 5, 7, 9
- రెండో తీగ: 7, 9, 10
- మొదటి తీగ: 7, 8, 10

5, 7, 9 ఉన్నచోట చూపుడు, నడిమి, చిటికెన వేళ్లు వాడండి. మణికట్టు నొప్పి పుడితే ఆపేయండి. బొటనవేలు మెడ మీదుగా పైకి వచ్చేస్తోందేమో చూసుకోండి, అది మెడ వెనక మధ్యలో ఉండాలి.

చేయి చిన్నదైతే ఇంకో షేపు ఉంది. ఇందులో అంత సాగదీయక్కర్లేదు: ఆరో తీగ 5, 7, 8, ఐదో తీగ 5, 7, నాలుగో తీగ 4, 6, 7, మూడో తీగ 4, 5, 7, రెండో తీగ 5, 7, మొదటి తీగ 4, 5, 7.

రెండిట్లో ఏదో ఒకటి చాలు. ఐదు షేపులు, ఏడు షేపులు అంటూ పోకండి. ఈ ఒక్క షేపులో సా ఎక్కడెక్కడ ఉందో కళ్లు మూసుకుని వేలు పెట్టగలిగితే చాలు. మొదటి షేపులో అవి ఆరో తీగ 5, నాలుగో తీగ 7, రెండో తీగ 10.

గ్రేడ్ పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లకు ఒక హెచ్చరిక. పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో మెలోడిక్ మైనర్ ఎక్కేటప్పుడే ఇలా ఉంటుంది. దిగేటప్పుడు ని, ద రెండూ అర మెట్టు దిగి నాచురల్ మైనర్, అంటే మన నటభైరవి స్వరాలు అవుతాయి. మొదటి షేపులో దిగేటప్పుడు రెండో తీగ 10, 8, 6. నాలుగో తీగ 9, 7, 5. ఐదో తీగ 8, 7, 5 అని మార్చుకోండి. జాజ్ పద్ధతిలో ఎక్కినా దిగినా ఒకటే. కింద చెప్పే మోడ్‌లన్నీ ఆ పద్ధతివే.

4. మోడ్‌లు: తెలిసిన రాగం, ఒక్క ఫ్రెట్

మళ్లీ ఐదో తీగకు రండి. సా అదే ఖాళీ తీగ. పుస్తకాలు ఒకటి నుంచి ఏడు దాకా వరుసగా నేర్పుతాయి. నేను ఆ వరుస పాటించను. వాడకం ఎక్కువ ఉన్నదాన్ని ముందు నేర్చుకోండి.

*వాచస్పతి (నాలుగో మోడ్, లిడియన్ డామినెంట్):* 0, 2, 4, 6, 7, 9, 10, 12. కల్యాణి తెలిస్తే దాని నిషాదాన్ని 11 నుంచి 10కి దించండి, అంతే. హరికాంభోజి వైపు నుంచి వస్తే మధ్యమాన్ని 5 నుంచి 6కు ఎక్కించండి. రెండు దారుల్లోనూ వచ్చి చూడండి, ఎందుకంటే ఈ మోడ్ రంగంతా 6, 10 ఫ్రెట్ల మధ్యే ఉంది. 6 మీద ఆగి 7కు వెళ్లండి, 10 మీద ఆగి 9కి దిగండి. ఈ రెండు కదలికలే నాలుగు నిమిషాలు వాయించినా విసుగు రాదు. మొత్తం ఏడింటిలో ఒక్కటే నేర్చుకుంటానంటే ఇదే నేర్చుకోమంటాను.

*చారుకేశి (ఐదో మోడ్, మిక్సోలిడియన్ ఫ్లాట్ సిక్స్):* 0, 2, 4, 5, 7, 8, 10, 12. హరికాంభోజిలో ధైవతాన్ని 9 నుంచి 8కి దించితే వచ్చేస్తుంది. కింద సగం మేజర్, పైన సగం మైనర్. మనవాళ్ల చెవికి బాగా అలవాటైన రాగం కాబట్టి ఒక్క పూటలో పట్టుబడుతుంది.

*ఆల్టర్డ్ (ఏడో మోడ్):* 0, 1, 3, 4, 6, 8, 10, 12. ఇక్కడ జాగ్రత్త. ఇందులో పంచమం లేదు, కాబట్టి మేళకర్తల్లో దీనికి చోటు లేదు. తంబూరాలో పంచమం మోగుతుంటే 6వ ఫ్రెట్ భరించలేనట్టు ఉంటుంది, అది మీ తప్పు కాదు. తంబూరాలో పంచమం ఆపేసి సా మాత్రమే ఉంచండి. యాప్‌లో ఆ వీలు లేకపోతే తీగను మీరే మీటుకోండి. దీన్ని చేరడానికి తోడి నుంచి రండి: 0, 1, 3, 5, 7, 8, 10. అందులో 5ను 4కు, 7ను 6కు దించండి. ఇదొక్కటే రెండు స్వరాలు జరపాల్సినది. శ్రుతి మీద ఒంటరిగా వాయిస్తే అందంగా ఏమీ ఉండదు. దీని పని వేరే ఉంది, కింద ఐదో భాగంలో చెబుతాను.

*లోక్రియన్ నాచురల్ టూ (ఆరో మోడ్):* 0, 2, 3, 5, 6, 8, 10, 12. నటభైరవిలో పంచమాన్ని 7 నుంచి 6కు దించండి. ఇక్కడ కూడా పంచమం లేని శ్రుతే కావాలి.

*నాటకప్రియ (రెండో మోడ్, డోరియన్ ఫ్లాట్ టూ):* 0, 1, 3, 5, 7, 9, 10, 12. ఖరహరప్రియలో రిషభాన్ని 2 నుంచి 1కి దించండి.

*లిడియన్ ఆగ్మెంటెడ్ (మూడో మోడ్):* 0, 2, 4, 6, 8, 9, 11, 12. కల్యాణిలో పంచమాన్ని 8కి ఎక్కించండి. దీన్ని చివరకు వదిలేయండి. తొందరేం లేదు.

రోజుకు ఒక మోడ్ మీదే ఉండండి. ఒకే పూటలో మూడు వాయిస్తే మూడూ కలగాపులగం అవుతాయి. వచ్చిందా లేదా చూసుకోవడానికి: శ్రుతి పెట్టి, గిటార్ కింద పెట్టి, ఆ మోడ్‌లో ప్రత్యేకమైన స్వరాన్ని గొంతుతో పాడండి. వాచస్పతికి ప్రతి మధ్యమం (6వ ఫ్రెట్ దగ్గరి మ), చారుకేశికి శుద్ధ ధైవతం (8), నాటకప్రియకు శుద్ధ రిషభం (1). తర్వాత గిటార్‌తో సరిపోల్చండి. మూడుసార్లు సరిపోతే వచ్చినట్టు. వేళ్లకు వచ్చి గొంతుకు రాకపోతే ఇంకా రానట్టే.

సంగీతం నేర్చుకున్నవాళ్లు గొడవపడే ముందే చెప్పేస్తున్నాను. స్వరాలు ఒకటైనంత మాత్రాన ఇది వాచస్పతి రాగాలాపన కాదు. గమకం, సంచారం లేనిదే రాగం లేదు. ఇక్కడ రాగం పేరు స్వరస్థానాలు గుర్తుపెట్టుకోవడానికి పట్టుకొమ్మ మాత్రమే.

5. పాటలో ఎక్కడ వాడాలి

చర్చిలో వాయించేవాళ్లు, కాలేజీ బ్యాండ్‌లో వాయించేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఏ మైనర్ (Am) పాట అనగానే మెలోడిక్ మైనర్ పెట్టేయకండి. ముందు పాటలోని కార్డ్‌లు చూడండి. ఎఫ్ మేజర్ గానీ, డీ మైనర్ గానీ ఉంటే ఆ కార్డ్‌ల మీద మీ 9వ ఫ్రెట్ ధైవతం గొడవపడుతుంది. జీ మేజర్ ఉంటే దాని మీద నిషాదం గొడవపడుతుంది. మన పాటల్లో మూడూ మామూలే, కాబట్టి చాలా పాటల్లో పాటంతా ఈ స్కేల్ నడవదు. దీన్ని కార్డ్ చూసి వాడాలి.

పని చేసే చోట్లు ఇవి:

అ) మైనర్ కార్డ్ మీదే చాలాసేపు నిలిచే చోట. ఏ మైనర్ బదులు ఏ మైనర్ సిక్స్ పట్టి చూడండి, ఆరో తీగ వదిలేసి ఐదు నుంచి ఒకటి దాకా 0, 2, 2, 1, 2. లేదా 0, 2, 1, 1, 0 పడితే నిషాదం ఉన్న ఏ మైనర్ మేజర్ సెవెన్. వీటి మీద గౌరీమనోహరి స్వరాలు హాయిగా కూర్చుంటాయి.

ఆ) ఏ మైనర్, డీ సెవెన్ మధ్య తిరిగే చోట. రెండు కార్డ్‌లూ నాలుగేసి దెబ్బలు వాయించి ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డ్ చేసుకోండి. దాని మీద ఏ (A) మెలోడిక్ మైనర్ వాయించండి. డీ సెవెన్ వచ్చినప్పుడు అవే స్వరాలు డీ నుంచి వాచస్పతి అవుతాయి. నాలుగో తీగ మీద 0, 2, 4, 6, 7, 9, 10, 12 వాయిస్తే ఐదో తీగ మీద నేర్చుకున్న నంబర్లే అక్కడా పనిచేస్తాయి. గుర్తుకు సూత్రం: సెవెన్ కార్డ్ ఇంటికి, అంటే పాట సా మీది కార్డ్‌కు, వెళ్లకుండా అక్కడే నిలిచినప్పుడు, దాని పంచమం నుంచి మెలోడిక్ మైనర్.

ఇ) ఈ సెవెన్ (E7) నుంచి ఏ మైనర్ (Am)కు దిగేచోట. ఇక్కడికి కావాల్సింది ఆల్టర్డ్. మొదటి తీగ ఖాళీగా మీటితే ఈ (E) స్వరం, అదే సా. దాని మీద 0, 1, 3, 4, 6, 8, 10, 12. ఎవరైనా ఈ సెవెన్ వాయిస్తుంటే 8, 6, 4, 3, 1 అని దిగి, ఏ మైనర్ పడే దెబ్బకు 0 మీద ఆగండి. దిగేదాకా టెన్షన్, దిగగానే ఊరట. దెబ్బకు ముందో వెనకో దిగితే తప్పు స్వరం వాయించినట్టే వినపడుతుంది, కాబట్టి మెట్రోనోమ్‌తోనే సాధన చేయండి. సూత్రం: దిగబోయే సెవెన్ కార్డ్‌కు ఒక ఫ్రెట్ పైనుంచి మెలోడిక్ మైనర్, అంటే ఈ సెవెన్‌కు ఎఫ్ మెలోడిక్ మైనర్.

ఇది ప్రార్థన పాటలో పెట్టాలా? నన్నడిగితే వద్దు. పాడేవాళ్లు కీరవాణి నిషాదంతో దిగుతుంటే మీరు అడ్డం పడతారు. అక్కడ హార్మోనిక్ మైనరే సరి. ఆల్టర్డ్‌ను ఇంట్రోలోనో, పాటల మధ్య వాయించే బిట్‌లోనో పెట్టుకోండి.

ఈ) హాఫ్ డిమినిష్డ్ కార్డ్ మీద. ఎఫ్ షార్ప్ హాఫ్ డిమినిష్డ్ వస్తే మూడు ఫ్రెట్లు పైనున్న ఏ (A) మెలోడిక్ మైనర్. ఇదే ఆరో మోడ్.

తరచూ జరిగే తప్పులు

వాయించే ప్రతి స్వరాల వరుసనూ సా నుంచే మొదలుపెట్టడం. గాంధారం నుంచో, పంచమం నుంచో మొదలుపెట్టండి, వెంటనే పాటలా వినపడుతుంది.

ప్రత్యేకమైన స్వరాన్ని తొందరగా దాటేయడం. వాచస్పతి వాయిస్తూ ప్రతి మధ్యమాన్ని పరుగులో దాటేస్తే వినేవాళ్లకు హరికాంభోజికీ దీనికీ తేడా తెలియదు. ఆ స్వరం మీద కనీసం రెండు దెబ్బలు నిలవండి.

గిటార్‌ను వదిలేసి వీడియోలు చూడటం. దీనికి మందు నా దగ్గర లేదు.

తీగను లాగి స్వరం పట్టేటప్పుడు ఎక్కువ లాగేయడం కూడా ఉంది. గాంధారం 3వ ఫ్రెట్ దగ్గర లాగితే మేజర్ వైపు వెళ్లిపోతుంది, మైనర్ రంగు పోతుంది. ముందు 4వ ఫ్రెట్ స్వరాన్ని మామూలుగా వాయించి విని, లాగినప్పుడు దానికి అంటకుండా చూసుకోండి.

వారానికోసారి రెండు నిమిషాలు రికార్డ్ చేసి, మర్నాడు వినండి. అప్పుడే వింటే వేళ్లు ఏం చేశాయో గుర్తుండి చెవి పక్షపాతం చూపిస్తుంది. వినేటప్పుడు ఏ మోడ్ అన్నది కాగితం మీద రాసి, ఫైల్‌కు పెట్టిన పేరుతో సరిచూడండి. తేడా వస్తే ఆ మోడ్‌ను మళ్లీ ఒకే తీగ మీదికి తీసుకెళ్లండి.

పాడేవాళ్లకు ఏ మైనర్ (Am) శ్రుతి అందకపోతే కాపో, అంటే తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్, వాడండి. రెండో ఫ్రెట్ మీద కాపో పెడితే బీ మైనర్, మూడో ఫ్రెట్ మీద అయితే సీ మైనర్. కాపో దగ్గర సున్నా అనుకుని లెక్కపెడితే ఇక్కడి నంబర్లేవీ మారవు. కాపో పెట్టాక ఒకసారి ట్యూన్ చూసుకోండి, తీగలు సాగి శ్రుతి కాస్త పెరుగుతుంది.